వరుస – వంతు

పాఠ్యాంశ ఉద్దేశం: నీళ్ల కొళాయి దగ్గర, దేవాలయంలో, బస్సు నిలయంలో ప్రజలు పాటించే వరుస పద్ధతి కంప్యూటరులో ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అనే వస్తు ప్రధాన పద్ధతికీ వరుసకూ గల సంబంధాన్ని గ్రహించడం.

1. ఊరిలో వరుస

పావగడ తాలూకా కర్ణాటక రాష్ట్రంలోని తుమకూరు జిల్లాకు చెందినది. దీనికి మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ సరిహద్దు ఉంది. ఇక్కడ ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడం వినిపించడం సాధారణం. ఈ ప్రాంతంలో వర్షపాతం తక్కువ. ఉత్తర పినాకిని నది నాగలమడికె మీదుగా పోతున్నా, ఏడాదిలో ఎక్కువ కాలం అందులో ఇసుకే కనబడుతుంది. కాబట్టి ప్రజలు చాలా కాలం బోరుబావుల నీటిమీదనే ఆధారపడ్డారు. ఆ భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు ప్రమాణం. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లపై మచ్చలు ఏర్పడతాయి. ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. అందువలన ఊళ్లలో శుద్ధ నీటి ఘటకాలు నెలకొల్పారు. అక్కడ దొరికే నీళ్లను ప్రజలు 'ఫిల్టరు నీళ్లు' అంటారు.

మంచినీళ్లు కొంచెం, కావలసినవారు ఎందరో. కాబట్టి ఘటకం ముందు వరుస ఏర్పడుతుంది. ఎండ ముదిరితే మనుషులు వేపచెట్టు నీడకు చేరుతారు. బిందెలు మాత్రం వరుసలోనే నిలుస్తాయి. "అక్కా, నా బిందె నీ బిందె వెనకాలే ఉంది, కాస్త చూస్తూ ఉండు" అని చెప్పి ఒకామె ఇంటికి వెళ్లి వస్తుంది. బిందె తేవడం మరచినవారు ఒక రాయి పెడతారు. ఆ రాయి ఆ మనిషికి గుర్తు. దానిని ఎవరూ కదపరు. కదిపితే తగవు తప్పదు.

పావగడ పట్టణంలోని శనిమహాత్మ దేవాలయంలోనూ శనివారాలలో, ముఖ్యంగా శ్రావణ మాసంలో, ఇటువంటి వరుసలే కనబడతాయి.

ఈ పద్ధతికి భాషలలో ఉన్న పేర్లు గమనింపదగినవి. తెలుగులో 'వరుస' అంటాం, 'బారు' అని కూడా అంటాం. కన్నడంలో 'సరతి సాలు' అంటారు. 'సరతి' అంటే వంతు, 'సాలు' అంటే వరుస. 'క్యూ' అనే మాట ఫ్రెంచి భాష నుండి వచ్చింది. దానికి 'తోక' అని అర్థం. తెలుగులో 'వరుస' అనే మాటకు బంధుత్వం అనే అర్థం కూడా కలదు. "ఆయన మీకు ఏ వరుస?" అని అడుగుతాం కదా! బంధువులలో ఎవరి స్థానం ఏదో ఆ వరుస చెబుతుంది. కొళాయి దగ్గర ఎవరి వంతు ఎప్పుడో ఈ వరుస చెబుతుంది.

2. వరుస లక్షణాలు

వరుసకు రెండు కొసలు ఉంటాయి. కొత్తగా వచ్చినవారు వెనుక కొసలో చేరాలి. పని అయినవారు ముందు కొస నుండి వెళ్లాలి. మధ్యలో ప్రవేశం లేదు. దీనినే 'ముందు వచ్చినది ముందు పోవును' అనే నియమంగా చెప్పవచ్చు.

దీనికి భిన్నమైన పద్ధతి మరొకటి ఉంది. వంటింటిలో కడిగిన కంచాలను ఒకదానిపై ఒకటి పేరుస్తారు. అన్నానికి కూర్చున్నప్పుడు పై కంచాన్నే మొదట తీస్తారు. అంటే చివర పెట్టినది మొదట వస్తుంది. దీనిని కంప్యూటరు శాస్త్రంలో 'స్టాక్' అంటారు. కంచాలకు ఈ పద్ధతి సరిపోతుంది. నీళ్ల దగ్గర ఇదే నియమం పెడితే, తెల్లవారుజామున నాలుగు గంటలకు వచ్చిన అవ్వ అందరి తర్వాత నీళ్లు పట్టుకోవలసి వస్తుంది. ఏ పనికి ఏ పద్ధతి తగునో ఎంచుకోవడమే ప్రోగ్రాము వ్రాసేవారి మొదటి కర్తవ్యం.

కంప్యూటరులో వరుసకు ముఖ్యంగా నాలుగు పనులు చెబుతారు:

చేర్చు – కొత్త వస్తువును వెనుక కొసలో పెట్టడం.
తీయి – ముందు కొసలో ఉన్న వస్తువును బయటికి ఇవ్వడం.
చూడు – ముందున్నది ఏదో తీయకుండా తెలుసుకోవడం.
ఖాళీయా – వరుసలో ఎవరైనా ఉన్నారా లేరా అని చెప్పడం.

ఖాళీగా ఉన్న వరుసలో అ, ఆ, ఇ అనే మూడు బిందెలను ఈ క్రమంలోనే చేర్చామనుకొందాం. 'చూడు' అంటే అ కనబడుతుంది. 'తీయి' అంటే అ బయటికి వస్తుంది. మరల 'తీయి' అంటే ఆ వస్తుంది. ఇప్పుడు ఈ అనే బిందెను చేర్చితే అది ఇ వెనుక నిలుస్తుంది. 'ఖాళీయా' అని అడిగితే 'కాదు' అని జవాబు వస్తుంది.

3. కంప్యూటరుకు వరుస ఎందుకు?

వచ్చే వేగం, పని జరిగే వేగం సమానంగా లేకపోవడమే వరుసకు కారణం. ఒక కచేరీలో పది కంప్యూటర్లకు ఒకే ప్రింటరు ఉందనుకొనండి. పదిమంది ఒకేసారి కాగితాలు పంపినా ప్రింటరు ఒక్కొక్కటే అచ్చు వేయగలదు. మిగిలినవి వరుసలో నిలువక తప్పదు. వరుస లేకపోతే ఒకరి పుటలో మరొకరి పంక్తులు కలిసిపోతాయి. మనం మీటలు వేగంగా నొక్కినప్పుడు అక్షరాలు నొక్కిన క్రమంలోనే తెరపై రావడానికి కారణం కూడా వరుసయే.

రైలు టిక్కెట్ల నిరీక్షణ జాబితా మరొక ఉదాహరణ. చోటు లేనప్పుడు ప్రయాణికునికి ఒక సంఖ్య ఇస్తారు. ముందువారు ప్రయాణం మానుకొంటే వెనుకవారి సంఖ్య తగ్గుతుంది. ఇక్కడ ఒక విశేషం ఉంది. నిరీక్షణ జాబితాలో మధ్యన ఉన్నవారు కూడా తమ టిక్కెట్టు రద్దు చేసుకొని వెళ్లిపోవచ్చు. అంటే మధ్యలో చేరరాదు గాని, మధ్య నుండి తప్పుకోవచ్చు. ఇటువంటి జాబితాకు పై నాలుగు పనులతోపాటు 'తొలగించు' అనే ఐదవ పని కూడా అవసరం.

4. వరుసను నిలిపే విధానాలు

కంప్యూటరు జ్ఞాపకంలో వరుసను ఉంచడానికి ముఖ్యంగా రెండు విధానాలు ఉన్నాయి.

మొదటిది గళ్ల విధానం. పక్కపక్కన కొన్ని గళ్లు ఉంటాయి. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క వస్తువు ఉంటుంది. ముందు గడిలోని బిందె నిండి వెళ్లగానే మిగిలినవన్నీ ఒక్కొక్క గడి ముందుకు జరపాలని నియమం పెట్టామనుకొందాం. వరుసలో 100 బిందెలుంటే మొదటిది వెళ్లగానే 99 బిందెలను జరపాలి. తర్వాత 98, ఆపై 97. వరుస ఖాళీ అయ్యేసరికి మొత్తం 4950 సార్లు బిందెలు జరుగుతాయి. ఇది వృథా శ్రమ.

దీనికి ఉపాయం ఉంది. కొళాయికి ఒక పొడవైన గొట్టం తగిలిస్తే చాలు. అప్పుడు బిందెలు కదలవు, గొట్టం కదులుతుంది. కంప్యూటరులో కూడా వస్తువులను ఉన్నచోటనే ఉంచి, 'ముందు' అనే గుర్తును మాత్రమే జరుపుతారు. 100 బిందెలకు 100 జరుపుళ్లతో పని ముగుస్తుంది.

అయితే మరొక చిక్కు వస్తుంది. గొట్టం ముందుకు పోయిన కొద్దీ మొదటి గళ్లు ఖాళీ అవుతాయి. చివరి గడి నిండిపోతే, మొదట్లో చోటున్నా కొత్త బిందెకు తావు లేనట్లు కనబడుతుంది. కాబట్టి గళ్లను వలయంగా భావించాలి. చివరి గడి తర్వాత మరల మొదటి గడి వస్తుంది. గడియారంలో 12 తర్వాత 1 రావడం వంటిదే ఇది. దీనిని 'వలయ వరుస' అంటారు.

ఐదు గళ్లకు 0, 1, 2, 3, 4 అని సంఖ్యలు ఇచ్చామనుకొందాం. అ, ఆ, ఇ, ఈ, ఉ అనే ఐదు బిందెలు వాటిలో ఉన్నాయి. 'ముందు' గుర్తు 0 వద్ద ఉంది. రెండుసార్లు 'తీయి' అంటే అ, ఆ వెళ్లిపోతాయి. 'ముందు' 2 అవుతుంది. మూడు బిందెలు మిగులుతాయి. ఇప్పుడు ఊ అనే బిందె వచ్చింది. దాని స్థానం తెలుసుకొనడానికి 'ముందు'ను, మిగిలిన లెక్కను కూడాలి: 2 + 3 = 5. దీనిని గళ్ల సంఖ్య 5తో భాగిస్తే శేషం 0. కాబట్టి ఊ 0వ గడిలో చేరుతుంది. తర్వాత ఋ వస్తే 2 + 4 = 6; శేషం 1; అది 1వ గడిలో చేరుతుంది. గళ్లన్నీ మరల నిండాయి.

ఇక్కడ ఒక మెలకువ అవసరం. వరుస నిండినప్పుడు తరువాతి వస్తువు చేరవలసిన గడి, 'ముందు' గడి ఒకటే అవుతాయి. వరుస పూర్తిగా ఖాళీ అయినప్పుడు కూడా అవి రెండూ ఒకటే. గుర్తులను మాత్రమే చూస్తే వరుస నిండినదో ఖాళీయో తెలియదు. అందుకే ఎన్ని వస్తువులున్నాయో చెప్పే 'లెక్క'ను విడిగా ఉంచుకొనడం మంచిది.

రెండవది గొలుసు విధానం. చెట్టు నీడలో అక్కడక్కడ కూర్చున్నవారు గళ్లలో లేరు. కాని ప్రతివారికీ తమ వెనుక ఎవరో తెలుసు. "నా తర్వాత సిన్నమ్మ, సిన్నమ్మ తర్వాత తాత" అని గుర్తుంచుకొంటారు. కంప్యూటరులో కూడా ప్రతి వస్తువు తన తర్వాతి వస్తువు చిరునామాను దాచుకొంటుంది. మొదటి వస్తువు ఎవరో, చివరి వస్తువు ఎవరో వరుసకు తెలిస్తే చాలు. ఈ విధానంలో ముందుగా ఇన్ని గళ్లు అని నిర్ణయించనక్కర లేదు. జ్ఞాపకం ఉన్నంతవరకు వరుస పెరగవచ్చు. అయితే చిరునామాలు దాచడానికి అదనపు చోటు కావాలి. నడుమ ఒక చిరునామా తప్పిపోతే దాని వెనుకనున్న వారందరూ తప్పిపోతారు.

5. వస్తు ప్రధాన పద్ధతి

గళ్లు, గుర్తు, లెక్క – ఇవన్నీ బయట అందరికీ అందేటట్లు ఉన్నాయనుకొందాం. అప్పుడు ప్రోగ్రాములోని ఏ భాగమైనా మధ్య గడిలో కొత్త వస్తువును దూర్చవచ్చు. లెక్కను మార్చకుండా ఒకదానిని తీసివేయవచ్చు. వీధిలో ఉంచిన బిందెను ఎవరో కాలితో వెనుకకు నెట్టినట్లే అవుతుంది. ఎవరు నెట్టారో తెలుసుకొనడం కష్టం. పెద్ద ప్రోగ్రాములలో ఇటువంటి తప్పులు వెదకడానికి రోజులు పడుతుంది.

వస్తు ప్రధాన పద్ధతి దీనికి మార్గం చూపింది. సమాచారాన్నీ, దానిపై చేయదగిన పనులనూ ఒకచోట కట్టి ఉంచడం ఈ పద్ధతి సారం. ఆ కట్టను 'ఆబ్జెక్ట్' అంటారు. ఆబ్జెక్ట్ ఎలా ఉండాలో తెలిపే నమూనాను 'క్లాసు' అంటారు. బడిలోని తరగతికి, దీనికి సంబంధం లేదు. ఇటుకల అచ్చు ఒక్కటే. దానితో వేలాది ఇటుకలు చేస్తారు. అలాగే వరుస అనే క్లాసు ఒక్కటే. దాని నుండి నీళ్ల వరుస, దర్శనం వరుస, ప్రింటరు వరుస అనే వేరు వేరు ఆబ్జెక్టులు పుడతాయి. ఒకదాని లెక్క మరొకదానితో కలవదు.

వరుస అనే క్లాసును తెలుగులో ఇలా వ్రాయవచ్చు:

క్లాసు: వరుస
లోపల దాచినవి: గళ్లు, ముందు, లెక్క
బయటివారు అడుగదగినవి: చేర్చు, తీయి, చూడు, ఖాళీయా

చేర్చు:
(1) లెక్క, గళ్ల సంఖ్య సమానమైతే 'చోటు లేదు' అని చెప్పి ఆగు.
(2) ముందు, లెక్కలను కూడి గళ్ల సంఖ్యతో భాగించు. శేషమే కొత్త స్థానం.
(3) ఆ గడిలో వస్తువును ఉంచు.
(4) లెక్కకు 1 కలుపు.

తీయి:
(1) లెక్క 0 అయితే 'ఎవరూ లేరు' అని చెప్పి ఆగు.
(2) ముందు గడిలోని వస్తువును చేతిలోకి తీసుకో.
(3) ముందుకు 1 కలిపి గళ్ల సంఖ్యతో భాగించు. శేషమే కొత్త ముందు.
(4) లెక్క నుండి 1 తగ్గించు.
(5) చేతిలోని వస్తువును ఇవ్వు.

ఇందులో గళ్లు, ముందు, లెక్క లోపల దాచబడి ఉన్నాయి. బయటివారు 'చేర్చు', 'తీయి' అని అడగగలరే గాని గళ్లను తాకలేరు. మధ్యలో దూరడానికి దారే లేదు. దూరవద్దని ఎవరూ కాపలా కాయనక్కర లేదు. వరుసకు వరుసే కాపలా. ఈ గుణాన్ని 'గోపనం' అనవచ్చు.

గోపనం వలన మరొక మేలు కలదు. లోపల గళ్ల విధానం తీసివేసి గొలుసు విధానం పెట్టినా బయటివారికి తేడా తెలియదు. వారు అడిగే మాటలు ఆ నాలుగే. ఘటకంలో పాత మోటారు తీసి కొత్తది బిగించినా, బిందె పట్టేవారు కొళాయి తిప్పే తీరు మారదు కదా!

6. వరుసల నుండి పుట్టిన విద్య

వరుసను వస్తు ప్రధాన పద్ధతికి ఒక ఉదాహరణగా మాత్రమే చెప్పితే చాలదు. ఆ పద్ధతి పుట్టడానికి వరుసలు కూడా ఒక కారణం.

నార్వే దేశంలోని ఓస్లో నగరంలో 1960 తర్వాత క్రిస్టెన్ నీగార్డ్, ఓలె-యోహాన్ డాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సమస్యను చేపట్టారు. కర్మాగారాలు, రవాణా వంటి చోట్ల పని జరిగే స్థానాలు ఉంటాయి. అక్కడికి వచ్చేవారు వరుస కట్టి వేచి ఉంటారు. ఏ స్థానంలో ఎంత ఆలస్యం జరుగుతుందో, స్థానాలు పెంచితే ఏమవుతుందో నిజంగా కట్టకముందే కంప్యూటరులో అనుకరించి చూడాలి. అందుకు వారు 'సిమ్యులా' అనే భాషను రూపొందించారు. 1967లో దాని మెరుగైన రూపం 'సిమ్యులా 67' వెలువడింది. క్లాసు, ఆబ్జెక్ట్, ఒక క్లాసు నుండి మరొక క్లాసు పుట్టడం – ఈ భావాలు అందులో స్పష్టమైన రూపం పొందాయి. వరుసలు కట్టడానికి తగిన 'సిమ్‌సెట్' అనే క్లాసును ఆ భాషలోనే సిద్ధంగా ఉంచారు.

డెన్మార్కులో జన్మించిన బ్యార్నె స్ట్రౌస్ట్రుప్ సిమ్యులాతో పనిచేసిన అనుభవంతో 1979లో అమెరికాలోని బెల్ లేబొరేటరీలో ఒక కొత్త భాషకు పూనుకొన్నాడు. అదే తర్వాత 'సి ప్లస్ ప్లస్' అయినది. 1995లో 'జావా' వెలువడింది. 2004లో వచ్చిన జావా 5లో 'క్యూ' అనే పేరుతోనే వరుసకు నిర్వచనం చేర్చబడింది. నీగార్డ్, డాల్‌లకు 2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది. మరుసటి ఏడాది, అనగా 2002లో, ఇద్దరూ కొద్ది వారాల తేడాతో కన్నుమూశారు.

7. ముందుగా ఎవరికి?

వచ్చిన క్రమమే ఎల్లప్పుడూ న్యాయమా? కొళాయి దగ్గర నిండు గర్భిణి వస్తే, "ముందు నువ్వు పట్టుకోమ్మా" అని పక్కకు తప్పుకొనేవారు ఉంటారు. ఆసుపత్రిలో జలుబుతో వచ్చినవాడు ముందు వచ్చినా, పాము కరచినవానిని మొదట చూస్తారు. ఇటువంటి సందర్భాలకు 'ప్రాధాన్య వరుస' ఉంది. ఇందులో ప్రతి వస్తువుకు అవసరాన్ని బట్టి ఒక సంఖ్య ఇస్తారు. 'తీయి' అంటే ఎక్కువ అవసరం గలది మొదట వస్తుంది. అవసరం సమానమైన వారిలో ముందు వచ్చినవారికే ముందు ఇవ్వాలంటే ఆ నియమాన్ని కూడా చేర్చాలి.

ఒకే మాటకు సాధారణ వరుస ఒక విధంగా, ప్రాధాన్య వరుస మరొక విధంగా స్పందిస్తాయి. దీనిని 'బహురూపత' అంటారు. 'నిరీక్షణ' అనే సామాన్య క్లాసును తయారుచేసి, దాని నుండి ఈ రెండింటినీ పుట్టించవచ్చు. తల్లి నుండి పిల్లలకు గుణాలు వచ్చినట్లు సామాన్య క్లాసులోని పనులు వాటికి వస్తాయి. దీనిని 'వారసత్వం' అంటారు. సాధారణ వరుస నుండి ప్రాధాన్య వరుసను నేరుగా పుట్టించడం మంచిది కాదు. ఎందుకంటే 'ముందు వచ్చినది ముందు పోవును' అని సాధారణ వరుస ఇచ్చిన మాటను అది నిలుపుకోలేదు. తల్లి ఇచ్చిన మాటను నిలుపలేని బిడ్డను నమ్మి పని అప్పగించినవారు మోసపోతారు.

ప్రాధాన్య వరుసలో ఒక ప్రమాదం కలదు. ఎక్కువ అవసరం గలవారు ఎడతెగక వస్తూ ఉంటే తక్కువ అవసరం గలవారి వంతు ఎన్నటికీ రాదు. దీనిని కంప్యూటరు శాస్త్రంలో 'ఆకలిచావు' అనే అర్థం గల మాటతో పిలుస్తారు. దీనికి మందు కూడా ఉంది. వేచి ఉన్న కాలం పెరిగిన కొద్దీ ఆ వస్తువు ప్రాధాన్యాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి. అప్పుడు ఎవరి వంతైనా ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది.

ఒక సంగతి మరువరాదు. ప్రాధాన్యం ముందుగా అందరికీ తెలిసిన నియమంగా ఉండాలి. "నేను ఫలానావారి మనిషిని" అని ముందుకు రావడం ప్రాధాన్యం కాదు, అక్రమం. గర్భిణికి దారి ఇచ్చేవారు తమ వంతును తామే ఇస్తున్నారు. బలంతో ముందుకు వచ్చేవాడు ఇతరుల వంతును తీసుకొంటున్నాడు.

8. వరుస చేయగలది, చేయలేనిది

డెన్మార్కుకు చెందిన ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు కోపెన్‌హేగన్ టెలిఫోను సంస్థలో పనిచేసేవాడు. ఫోను చేసేవారు ఎంతసేపు వేచి ఉండవలసి వస్తుందో, అందుకు ఎన్ని తీగలు కావాలో ఆయన లెక్కగట్టాడు. ఈ విషయంపై ఆయన మొదటి వ్యాసం 1909లో వెలువడింది. వరుసల గణితశాస్త్రానికి అది నాంది. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక సులభమైన సూత్రాన్ని నిరూపించాడు. వరుసలో సగటున ఉండేవారి సంఖ్య, వచ్చే వేగాన్ని ఒక్కొక్కరు గడిపే సగటు కాలంతో గుణించగా వచ్చిన దానికి సమానం. గంటకు 24 బిందెలు వస్తూ, ఒక్కొక్కటి సగటున 15 నిమిషాలు, అనగా పావుగంట, అక్కడ ఉంటే, ఏ సమయంలో చూసినా సగటున 6 బిందెలు ఉంటాయి.

ఇక రెండు నిమిషాలకు ఒక బిందె నిండుతుందనుకొందాం. అంటే గంటకు 30 బిందెలు. వచ్చేవి గంటకు 40 అయితే, గంటకు 10 చొప్పున వరుస పెరుగుతుంది. మూడు గంటలకు 30 బిందెలు మిగులుతాయి. వరుసను ఎంత చక్కగా నడిపినా ఈ లెక్క మారదు. వరుస నీళ్లను పెంచదు. ఉన్న నీళ్లను న్యాయంగా పంచుతుంది. నీళ్లు పెరగాలంటే మరొక కొళాయి కావాలి, చెరువు నిండాలి, దూరపు నది నుండి గొట్టాలు రావాలి.

అయినను న్యాయంగా పంచడం చిన్న విషయం కాదు. తిరుమలలో భక్తులను వైకుంఠం క్యూ కాంప్లెక్సులోని గదులలో కూర్చుండబెట్టి, గది తర్వాత గదిగా వదులుతారు. అది వరుసలతో కూడిన వరుస. కాని 2025 జనవరి 8వ తేదీ రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించారు. వంతును తెలిపే టోకెను కోసమే వంతు తప్పినది. వరుస చెదరిన చోట మొదట పడిపోయేవారు బలహీనులే.

కంప్యూటరులోని వరుసకు దయ లేదు, పక్షపాతమూ లేదు. వ్రాసినవారు ఏ నియమం పెడితే దానిని తప్పక పాటిస్తుంది. కాబట్టి నియమం వ్రాసేవారికి బాధ్యత ఎక్కువ. ఎవరి బిందె ఎక్కడ ఉన్నదో మరువకుండా, ఎవరి వంతూ పోకుండా చూడడం వారి పని. రాయి పెట్టి వెళ్లినవారి చోటును కాపాడే ఊరివారు తరతరాలుగా చేస్తున్నది కూడా ఆ పనే.

పదాలు – అర్థాలు

కచేరీ = ప్రభుత్వ కార్యాలయం
ఘటకం = నీటిని శుద్ధి చేసే కేంద్రం
నిరీక్షణ = ఎదురుచూడడం
గోపనం = దాచి కాపాడడం
ప్రాధాన్యం = ముఖ్యత్వం
అనుకరించు = పోలి నడచు
నాంది = ఆరంభం

అభ్యాసం

అ. ఒక్కొక్క వాక్యంలో జవాబు వ్రాయండి.
1. 'క్యూ' అనే మాటకు ఫ్రెంచి భాషలో అర్థమేమి?
2. కన్నడంలో వరుసను ఏమంటారు?
3. సిమ్యులా భాషను రూపొందించినవారు ఎవరు?
4. తాగే నీటిలో ఫ్లోరైడు ఎంతకు మించరాదు?

ఆ. మూడు నాలుగు వాక్యాలలో జవాబు వ్రాయండి.
1. వరుసకూ స్టాకుకూ గల భేదాన్ని తెలపండి.
2. వలయ వరుసలో 'లెక్క'ను విడిగా ఎందుకు ఉంచుకోవాలి?
3. గోపనం వలన కలిగే రెండు మేలులు వ్రాయండి.
4. 'వరుస నీళ్లను పెంచదు' అనే మాటను లెక్కతో వివరించండి.

ఇ. లెక్క చేసి చూడండి.
ఆరు గళ్ల వలయ వరుసలో 'ముందు' 4, 'లెక్క' 3. కొత్త వస్తువు ఏ గడిలో చేరుతుంది?

ఈ. సొంత వాక్యాలలో ప్రయోగించండి.
వంతు, బారులు తీరు, వరుస (బంధుత్వం అనే అర్థంలో), వరుస (క్రమం అనే అర్థంలో)

ఉ. చేయదగిన పని.
మీ ఊరి నీటి ఘటకం దగ్గర గాని, బస్సు నిలయంలో గాని ఒక గంటసేపు వరుసను గమనించండి. ఎందరు వచ్చారు, ఎందరు వెళ్లారు, ఎవరికి ఎందుకు ముందుగా దారి ఇచ్చారు అనే విషయాలు వ్రాసి, తరగతిలో చర్చించండి.